పంటి వైద్యమంటే భయమా? మత్తు మందుల గురించి తెలుసుకుందాం

"పంటి నొప్పినైనా భరిస్తాను గానీ ఆ కుర్చీలో మాత్రం కూర్చోలేను" అనే మాట మేము ఓ.పి. వరండాలో తరచుగా వింటూ ఉంటాము. చెప్పేవారు చిన్నపిల్లలు కారు. ఎండలో వేరుశనగ పీకే ఆడవాళ్ళు, బండరాళ్ళు కొట్టే మగవాళ్ళు, ముగ్గురు నలుగురు బిడ్డల్ని కన్న తల్లులు. వీరు పిరికివారు కారు. పంటి వైద్యమంటే భయపడటం చాలామందిలో ఉన్నదే, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే ఆ భయాన్ని మనసులోనే దాచుకొని చికిత్సను వాయిదా వేయడం మాత్రం ప్రమాదం. భయాన్ని తగ్గించే మార్గాలు నేడు ఎన్నో ఉన్నాయి. అవి ఏమిటి, ఎవరికి ఏది సరిపోతుంది, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది ఈ నెల మీకు వివరిస్తున్నాము.

భయపడి ఆగితే ఏమవుతుంది?

పుచ్చు పన్ను తనంతట తాను మానదు. మొదట చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. తర్వాత రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. ఒక రోజు ఉన్నట్టుండి నొప్పి తగ్గిపోతుంది. "నయమైపోయింది" అని చాలామంది సంతోషిస్తారు. నిజానికి పంటి లోపలి నరం చచ్చిపోవడం వల్ల నొప్పి తెలియడం లేదు, అంతే. చీము వేరు కింద చేరుతూనే ఉంటుంది. అది దవడకు, అక్కడినుండి గొంతు కిందికి పాకితే నోరు తెరవలేరు, మింగలేరు, ఊపిరి ఆడటం కూడా కష్టమవుతుంది. అప్పుడది పంటి జబ్బు కాదు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బు. షుగరు ఉన్నవారిలో ఇది మరీ త్వరగా ముదురుతుంది. దవడ కింద వాపు, జ్వరం, మింగలేకపోవడం కనిపిస్తే ఒక్క రాత్రి కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఆగిన రోజులలో చేసే సొంత వైద్యం మరొక కష్టం. పుచ్చులో జిల్లేడు పాలు పోయడం, పొగాకు అదమడం, చెంపకు కాల్చిన ఇనుము తాకించడం వల్ల నోరు కాలి పుండ్లు పడతాయే గానీ పుచ్చు పోదు. "పన్ను పురుగు తీస్తాం" అని చెప్పేవారు చూపించే పురుగు పంటిలోనుండి వచ్చింది కాదు. పుచ్చు వచ్చేది పురుగు వల్ల కాదు. నోటిలోని సూక్ష్మక్రిములు తీపిని తిని తయారుచేసే ఆమ్లం వల్ల వస్తుంది.

పై పన్ను పీకితే కళ్ళు పోతాయా?

పోవు. ఈ అపోహ వల్లనే చాలామంది పై దవడ పళ్ళు చూపించుకోవడానికి వెనుకాడుతున్నారు. చూపును మెదడుకు చేర్చే నరం వేరు, పళ్ళకు వెళ్ళే నరం వేరు. రెండింటికీ దారులే వేరు. అయితే పళ్ళకు వెళ్ళే నరానికి ఉన్న మరొక కొమ్మ కంటి చుట్టూ, నుదుటికి వెళుతుంది. అందువల్ల పై పన్ను నొప్పి పెడితే కన్ను, కణత కూడా లాగినట్టు ఉంటుంది. పన్ను తీసిన తర్వాత ఆ లాగడం తగ్గుతుందే గానీ చూపు తగ్గదు. వయసు మీరిన వారికి పళ్ళు పోయే కాలంలోనే శుక్లాలు కూడా వస్తాయి కనుక, ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందని పెద్దలు అనుకొని ఉంటారు.

"మత్తు సూది" అంటే ఏది?

మనవాళ్ళు రెండు వేరువేరు వాటిని ఒకే పేరుతో "మత్తు సూది" అంటారు. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది చిగురుకు వేసే తిమ్మిరి సూది. సాధారణంగా వాడే మందు లిగ్నోకైన్. దీనిని 1943లో స్వీడన్ దేశంలో తయారుచేశారు. ఇది ఆ పంటి చుట్టుపక్కల నరాన్ని మాత్రమే కొంతసేపు మొద్దుబారుస్తుంది. మీరు పూర్తి మెలకువతో ఉంటారు. పన్ను పీకడానికి, నరం చికిత్సకు నూటికి తొంభై మందికి పైగా ఇదే చాలు అని మా అనుభవం.

రెండవది మనసుకు, మెదడుకు ఇచ్చే మత్తు. ఇది భయాన్ని, ఆందోళనను తగ్గిస్తుంది. దీనితో కొందరు మెలకువగా ప్రశాంతంగా ఉంటారు, కొందరు కునుకు తీస్తారు. ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. మాత్ర వేసినా, గ్యాసు పట్టినా, చిగురుకు తిమ్మిరి సూది కూడా వేయవలసిందే. మత్తు భయాన్ని తీస్తుంది, తిమ్మిరి నొప్పిని తీస్తుంది. ఒకటి ఇంకొకదానికి బదులు కాదు.

తిమ్మిరి సూది గురించి ముందే తెలిసి ఉండవలసినవి మరికొన్ని:

* నొప్పి తెలియదు గానీ నొక్కినట్టు, లాగినట్టు తెలుస్తుంది. శబ్దం వినిపిస్తుంది. దానికి కంగారు పడి "సూది పని చేయలేదు" అనుకోవద్దు. పదునుగా నొప్పి తెలిస్తే మాత్రం వెంటనే చెయ్యి ఎత్తండి, ఇంకొంచెం మందు వేస్తారు.
* సూది వేసిన కొద్దిసేపు గుండె దడదడలాడవచ్చు. రక్తస్రావం తగ్గడానికి మందులో కలిపే ఎడ్రినలిన్ వల్ల అలా అవుతుంది. కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి.
* చీము బాగా పట్టినచోట తిమ్మిరి సరిగా ఎక్కదు. అక్కడి ఆమ్లం మందును పని చేయనివ్వదు. "నాకు మత్తు ఎక్కదు" అని చెప్పేవారిలో చాలామంది వాపు ముదిరిన తర్వాత వచ్చినవారే. త్వరగా వస్తే నొప్పి లేకుండా పని అవుతుంది.
* పరగడుపున, భయంతో వచ్చి కూర్చుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. కేవలం తిమ్మిరి సూదికే అయితే ఏదైనా తిని రండి.

భయం తగ్గించే మార్గాలు

1. మాట, ఓపిక. ఇది మందు కాదు గానీ అన్నిటికన్నా ముందు వాడవలసినది. ఏమి చేయబోతున్నారో ముందుగా చెప్పడం, పనిముట్టు చూపించడం, తర్వాతే చేయడం. సూదికి ముందు చిగురుకు తిమ్మిరి జెల్లీ రాయడం, సూది మందును నెమ్మదిగా ఎక్కించడం. "చెయ్యి ఎత్తితే ఆపుతాము" అని డాక్టరుగారు, మీరు ముందే ఒప్పందం చేసుకోవడం. ఆపే అధికారం తన చేతిలో ఉందని తెలిసినప్పుడు సగం భయం పోతుంది. మొదటి రోజు ఏ పనీ చేయించుకోకుండా కేవలం చూపించుకొని వెళ్ళినా మంచిదే.

2. మాత్ర. డైజిపామ్, మిడాజోలామ్ వంటి మందులను డాక్టరుగారి సలహాపై చికిత్సకు ముందు నోటి ద్వారా ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు గానీ ఆందోళన తగ్గుతుంది. దీనిలో కష్టం ఏమిటంటే, మింగిన తర్వాత ఎంత ఎక్కుతుందో, ఎప్పుడు ఎక్కుతుందో అందరికీ ఒకేలా ఉండదు. ఒకరికి చాలని మాత్ర మరొకరిని గాఢంగా నిద్రపుచ్చవచ్చు. కనుక మెడికల్ షాపులో నిద్ర మాత్ర కొని సొంతంగా వేసుకొని రావడం ఎంతమాత్రం మంచిది కాదు.

3. గ్యాసు. దీనిని నవ్వు వాయువు అంటారు. అసలు పేరు నైట్రస్ ఆక్సైడ్. ముక్కుపై చిన్న మాస్కు పెట్టి ఆక్సిజన్‌తో కలిపి పీల్పిస్తారు. మొదట ఒట్టి ఆక్సిజన్ ఇచ్చి, గ్యాసును కొద్దికొద్దిగా పెంచుతారు. సరిగ్గా తయారైన యంత్రాలు ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గనివ్వవు. వేళ్ళలో చిమచిమ, ఒళ్ళు తేలికైనట్టు, వెచ్చగా అనిపిస్తుంది. మాటలు వినిపిస్తాయి, జవాబు చెప్పగలరు. పని అయ్యాక మళ్ళీ ఒట్టి ఆక్సిజన్ ఇస్తే కొద్ది నిమిషాలలోనే మత్తు దిగిపోతుంది. ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. దంత వైద్య కళాశాలలలో, పట్టణాలలోని పెద్ద దంత వైద్యశాలలలో అడిగి తెలుసుకోవాలి. జలుబుతో ముక్కు మూసుకుపోయినవారికి, గర్భం ధరించిన మొదటి నెలలలో, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి, బి12 విటమిన్ లోపం ఉన్నవారికి, ఈమధ్య చెవి లేక కంటి ఆపరేషన్ అయినవారికి ఇది తగదు. ముందే చెప్పాలి.

4. నరానికి ఇచ్చే మత్తు. చేతి నరంలో సూది పెట్టి మిడాజోలామ్ వంటి మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పిలిస్తే పలుకుతారు గానీ, తర్వాత జరిగినదేదీ చాలామందికి గుర్తుండదు. జ్ఞానదంతం కోసి తీయడం వంటి పెద్ద పనులకు, మరీ ఎక్కువ భయం ఉన్నవారికి ఇది ఉపయోగం. మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. దానికి విరుగుడుగా ఫ్లుమజెనిల్ అనే మందు ఉంది. అయితే విరుగుడు ప్రభావం ముందు తగ్గిపోయి మత్తు మళ్ళీ ఎక్కవచ్చు. అందుకే లేచి కూర్చున్నా కొంతసేపు ఆసుపత్రిలోనే ఉంచుతారు. "బాగానే ఉన్నాను, బస్సు పోతుంది" అని తొందరపెట్టవద్దు.

5. పూర్తి మత్తు. ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరుగారు ఇచ్చేది. ఒళ్ళు తెలియని నిద్ర, శ్వాస బాధ్యత కూడా డాక్టరుగారిదే. పళ్ళు చాలా పాడైన చిన్నబిడ్డలకు, మాట చెప్పినా అర్థం కాని మానసిక వైకల్యం ఉన్నవారికి, పెద్ద దవడ ఆపరేషన్లకు ఇది అవసరం. ఒక్క పన్ను తీయడానికి, కేవలం భయం వల్ల దీనిని కోరుకోవడం సాధారణంగా మంచిది కాదు.

హైదరాబాదు నేర్పిన పాఠం

మత్తు వైద్యం పుట్టినదే పంటి కుర్చీలో. 1844 డిసెంబరు 11న అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు నవ్వు వాయువు పీల్చి తన పన్ను తానే పీకించుకున్నాడు. 1846 అక్టోబరు 16న మరొక దంత వైద్యుడు మోర్టన్ బోస్టన్ నగరంలో ఈథర్ మత్తును అందరి ముందు చూపించాడు. మరుసటి సంవత్సరం క్లోరోఫారం వచ్చింది. 1848 జనవరిలో ఇంగ్లాండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయడానికి క్లోరోఫారం ఇస్తుండగానే చనిపోయింది. చిన్న పని, పెద్ద మత్తు, నిమిషాలలో ప్రాణం పోయింది.

క్లోరోఫారం ఎందుకు చంపుతుంది అన్న ప్రశ్నకు జవాబు వెతకడం మన తెలుగు నేల మీద కూడా జరిగింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు పని చేశాయి. ఖర్చు నిజాం ప్రభుత్వం భరించింది. జంతువుల మీద వందల పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కనుక ఊపిరిని చూసుకుంటే చాలు అని తేల్చారు. హైదరాబాదులో వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే రోగులకు క్లోరోఫారం ఇచ్చేవారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఆమె ఒకరని చెబుతారు. అయితే 1911లో లెవీ అనే పరిశోధకుడు, క్లోరోఫారం కొద్దిగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని చూపించాడు. హైదరాబాదు తీర్పు సగం మాత్రమే నిజమని తేలింది.

నేడు క్లోరోఫారం ఎవరూ వాడరు. కానీ పాఠం మిగిలింది. మత్తు ఇచ్చినవారి ఊపిరినీ చూడాలి, గుండెనూ చూడాలి, ఒకదానిని నమ్మి రెండవదానిని వదలకూడదు. అందుకే నేడు మత్తు ఇచ్చిన రోగి వేలికి ఆక్సిజన్ చూపే చిన్న యంత్రం తగిలిస్తారు. 2020 నుండి కరోనా రోజులలో మీలో చాలామంది ఇంట్లో వాడినదే అది. బి.పి., నాడి కూడా మాటిమాటికి చూస్తారు. పన్ను తీసే డాక్టరుగారి చేతులు నోటిలో ఉంటాయి. కనుక రోగిని గమనించడానికే విడిగా ఒక మనిషి ఉండాలి. ఆ పని మా నర్సులది. వేలి యంత్రం సరిగా చూపాలంటే గోళ్ళ రంగు తీసేసి రావాలి.

పిల్లల విషయంలో

"అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని పిల్లలను బెదిరించవద్దు. ఆ బెదిరింపు పెద్దయ్యాక కూడా పోదు. "అసలు నొప్పే ఉండదు" అని అబద్ధమూ చెప్పవద్దు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత మొద్దుబారుతుంది" అని ఉన్నది చెప్పండి. పిల్లల మత్తు మందు బరువును బట్టి లెక్కకట్టి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఇంట్లో పట్టించి తీసుకురాకూడదు. పిల్లల గాలి దారి సన్నగా ఉంటుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే మత్తును వాయిదా వేయడమే మంచిది. తిమ్మిరి దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, బిడ్డ పెదవి, నాలుక కొరుక్కోకుండా చూడాలి.

ముందుగా దాచకుండా చెప్పవలసినవి

* షుగరు, బి.పి., గుండె, ఉబ్బసం, మూర్ఛ, కాలేయం, కిడ్నీ జబ్బులు, గర్భం, పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి.
* వాడుతున్న మందులన్నీ. చీటీ లేకపోతే మందు పట్టీలే తెచ్చి చూపండి. రక్తం పలచబరిచే మాత్రలను మీకు మీరే ఆపవద్దు.
* గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే అలవాటు.
* మందు, కల్లు, సారా. ధైర్యం కోసం తాగి వచ్చేవారు ఉన్నారు. సారా మీద మత్తు మందు పడితే ఊపిరి ఆగిపోగలదు. తెలంగాణలో కొన్నిచోట్ల ఆల్ప్రాజోలం, డైజిపామ్ కలిపిన కల్తీ కల్లు పట్టుబడింది. అటువంటిది అలవాటైనవారికి మామూలు మోతాదు పని చేయకపోవచ్చు. ఇది భార్య ముందో, మామగారి ముందో చెప్పలేకపోతే మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పండి. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, మీ ప్రాణం కాపాడడానికి అడుగుతున్నాము.

ముందు, తర్వాత

నరానికి ఇచ్చే మత్తుకు, పూర్తి మత్తుకు పస్తు ఉండాలి. సాధారణంగా అన్నం, సంగటి, టిఫిను, పాలు 6 గంటల ముందు ఆపాలి. నూనె, మాంసం ఎక్కువగా ఉన్న భోజనమైతే 8 గంటలు. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. తల్లిపాలు తాగే బిడ్డకు 4 గంటలు. కడుపులో ఆహారం ఉంటే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోతుంది. "పాపం, బిడ్డ ఏడుస్తున్నాడు" అని దొంగచాటుగా బిస్కెట్ పెట్టవద్దు. పెట్టినట్లయితే దాచకుండా చెప్పండి. షుగరు మాత్ర, ఇన్సులిన్ ఆ పూట ఎలా వాడాలో డాక్టరుగారినే అడగండి.

మత్తు తీసుకున్నవారి వెంట పెద్ద మనిషి ఒకరు తప్పనిసరిగా రావాలి. మన పల్లెల నుండి కదిరికో, అనంతపురానికో, బెంగళూరుకో వెళ్ళి మత్తుతో చికిత్స చేయించుకొని ఒంటరిగా బస్సు ఎక్కడం, మోటారు సైకిలు వెనక కూర్చోవడం ప్రమాదం. వెనక కూర్చున్నవారు కునికితే రోడ్డు మీద పడతారు. ఆటో లేక కారు మాట్లాడుకోవడం మేలు. ఆ తర్వాత 24 గంటలు:

* బండి నడపవద్దు. బోరు స్టార్టరు, కొడవలి, పొయ్యి దగ్గరి పని వద్దు.
* బ్యాంకు అప్పు కాగితాలు, భూమి పత్రాలపై సంతకం, వేలిముద్ర వేయవద్దు.
* చంటిబిడ్డను ఒంటరిగా ఎత్తుకొని తిరగవద్దు.
* మందు, కల్లు ముట్టవద్దు.

నిద్ర లేపినా లేవకపోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.

మీరు అడగవలసిన ప్రశ్నలు

మత్తు ఇస్తామని ఎవరైనా చెబితే ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడవద్దు. ఏ రకం మత్తు? ఎవరు ఇస్తారు? నన్ను గమనించడానికి విడిగా ఎవరు ఉంటారు? ఆక్సిజన్, విరుగుడు మందు గదిలో ఉన్నాయా? ఆడవారికి మత్తు ఇచ్చేటప్పుడు ఆడ నర్సు గదిలో ఉంటారా? ఎంత ఖర్చు? ఒప్పుకోలు కాగితం తెలుగులో చదివి వినిపించమని అడగండి, అర్థమైన తర్వాతే సంతకం చేయండి. ఈ ప్రశ్నలకు విసుక్కునేచోట మత్తు తీసుకోవలసిన అవసరం లేదు.

చివరిగా ఒక్క మాట. మన ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్న పల్లెలు ఉన్నాయి. గారపట్టి, మచ్చలు పడిన పళ్ళు చూపించడానికి సిగ్గుపడి నోరు మూసుకొని వెళ్ళిపోయేవారిని చూస్తున్నాము. పళ్ళ రంగు మీ తప్పు కాదు. భయం కూడా మీ తప్పు కాదు. చీటీ రాయించుకునేటప్పుడే "నాకు భయం" అని చెప్పండి. ఆ రెండు మాటలు చెబితే మీకు తగిన మార్గం ఏదో చూడటం మా పని. పన్ను చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే వచ్చినవారికి మత్తు అవసరమే పడకపోవచ్చు.